సరే అన్న నేరం

అమ్మా నేనూ వసారాలో కూర్చుని కనకాంబరాలు కడుతున్నాం. నేను పూలు జతలు చేసి అందిస్తుంటే అమ్మ అరటినారతో ముడి వేసి పక్కకి జరుపుతోంది. అప్పుడు నాన్న వచ్చాడు. మోటారు సైకిలు కొనుక్కుని వస్తానని పొద్దున్నే బస్సెక్కి టౌనుకి వెళ్ళినవాడు, మళ్ళీ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చంకలో గుడ్డసంచీ వెళ్ళినప్పుడు ఎంత లావుగా ఉందో అంతే లావుగా ఉంది.

"బండేదయ్యా?" అంది అమ్మ, ముడి ఆపకుండా.

"ఇవ్వలేదు."

"డబ్బులు చాల్లేదా?"

"చాలాయి."

"చాలితే ఇవ్వకపోవడమేంటి?"

నాన్న చెంబుతో నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"షోరూములో గవర్నమెంటాయన ఒప్పుకోలేదు. నేను బేరం ఆడలేదంట."

అమ్మ చేతిలో నార ఆగిపోయింది. నాన్న బేరం ఆడడని మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ఆ సంగతి ప్రభుత్వం దాకా ఎలా వెళ్ళిందో ఆమెకి అర్థం కాలేదు.

నాన్న పేరు గవరయ్య. ఎవరు ఏ ధర చెప్పినా "సరే" అంటాడు. గొప్పకి కాదు. ఎదుటివాడు ఒక మాట చెప్పాడంటే ఆలోచించుకునే చెప్పి ఉంటాడని ఆయన నమ్మకం. అమ్మ పేరు నూకరత్నం. ఆమె బస్సు కండక్టరుతో కూడా బేరం ఆడుతుంది. ఒకసారి నాకు జ్వరం వస్తే డాక్టరుగారు సూది మందుకి ఎంతో చెబితే, పిల్ల సన్నగా ఉంది కదా సగం సూది చాలదా అని అడిగింది. కాబట్టి మా పూల వ్యాపారంలో కొనడం, అమ్మడం అమ్మ పని. మోయడం నాన్న పని.

మోటారు సైకిలు కావలసి వచ్చింది కూడా మోయడానికే. సన్నజాజి మొగ్గ మధ్యాహ్నం కోస్తే దీపాల వేళకి విచ్చుకుంటుంది. నాన్న సైకిలు తొక్కుకుంటూ టౌనుకి చేరేసరికి బుట్టలోనే విచ్చుకుంటోంది. విచ్చిన జాజి దండకి పనికిరాదు. టౌనులో మా పూలు తీసుకునే కొట్టు పైడిరాజుది. ఆయన ఒకరోజు తెగేసి చెప్పాడు.

"గవరయ్యా, శ్రావణమాసం మొదటి గురువారం నుంచి, సాయంత్రం ఐదింటికల్లా మొగ్గ మొగ్గలాగే నా కొట్లో ఉండాలి. ఆ రోజు తప్పితే నెలంతా వేరే ఊరివాళ్ళకి ఇచ్చేస్తాను. తర్వాత నన్ననుకోవద్దు."

శ్రావణమాసం పోతే మాకు ఏడాదిలో సగం పోయినట్టే. నాన్న "సరే" అన్నాడు. అమ్మ మాత్రం ఐదింటిని ఐదున్నర చేయించాలని చూసింది. పైడిరాజు వినలేదు.

నాన్న ఎందుకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడో మాకు పూర్తిగా తెలియడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఆయన రోజుకి నాలుగు మాటల కంటే ఎక్కువ చెప్పడు. జరిగింది ఇది.

ఎవరో పెద్ద అధికారి మోటారు సైకిలు కొన్నాడట. మర్నాడు ఆయన ఆఫీసు ప్యూను అదే బండి, అదే రంగుది, అదే షోరూములో బాగా తక్కువకి కొన్నాడట. ఆ అధికారికి నిద్ర పట్టలేదు. దేశంలో న్యాయమైన ధర లేదని పైకి రాశాడు. దాని మీద ఒక సంఘం వేశారు. సంఘంవాళ్ళు అన్ని షోరూములూ తిరిగి, ఇచ్చిన కూల్‌డ్రింకులు తాగి, బేరం చేతనైనవాడు తక్కువకీ చేతకానివాడు ఎక్కువకీ కొంటున్నాడని కనిపెట్టారు. అలాగైతే అందరికీ ఒకటే ధర పెడితే సరిపోతుంది కదా అని సంఘంలో ఒకాయన అన్నాడట. ఆయన్ని వేరే సంఘానికి మార్చారు. మిగిలినవాళ్ళు, ఇకనుంచి ప్రతి ఒక్కరూ బేరం ఆడి తీరాలని తీర్మానించారు.

దాంతో జిల్లాకో బేరసారాల క్రమబద్ధీకరణ కార్యాలయం వచ్చింది. ప్రతి షోరూములోనూ ఒక మూల బల్ల వేసుకుని బేర పర్యవేక్షణాధికారి కూర్చున్నాడు. బేరం సక్రమంగా జరిగిందని ఆయన ధ్రువపత్రం ఇస్తేనే బండికి నంబరు ఇస్తారు. బేరం ఆడితే ధర తగ్గాలి కాబట్టి, తగ్గించడానికి వీలుగా షోరూములవాళ్ళు ముందు ధర పెంచారు. దాన్ని న్యాయమైన ఆరంభ ధర అంటారు.

నాన్న వెళ్ళిన షోరూము ఫణీంద్రగారిది. ఆయన చెడ్డమనిషి కాదు. నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రావడం చూసి, ఈయనతో బేరం ఏమిటని పెంచిన ధర చెప్పకుండా అసలు ధర చెప్పేశాడు.

"గవరయ్యగారూ, ఇందులో నాకు మిగిలేది కుర్రాళ్ళ జీతాలకీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది. ఉన్నమాట చెప్పాను."

"సరే" అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాన్న సంచీ విప్పబోయాడు. అప్పుడు మూల బల్ల దగ్గర అధికారి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఆయన పేరు విశ్వపతి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఇద్దరి మొహాలూ దగ్గరగా చూశాడు.

"విక్రేత ముఖమున తృప్తి కనిపించుచున్నది. క్రేత ముఖమున కూడా తృప్తి కనిపించుచున్నది. ఇది బేరము కాదు. కుమ్మక్కు."

దరఖాస్తు మీద తిరస్కరించడమైనది అని ముద్ర పడింది. శిక్షణ పొందాక మళ్ళీ రమ్మన్నారు. నాన్న "సరే" అన్నాడు. అది కూడా రాసుకున్నారు.

శిక్షణ టౌనులో ఒక పాత కల్యాణమండపంలో జరిగింది. మేం ముగ్గురం వెళ్ళాం. గుమ్మం దగ్గర గుమాస్తా శిక్షణ రుసుం ఇంత అని చెప్పాడు.

"అంతెందుకు బాబూ? ఒక్క మనిషేగా. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టరంట. సగం తీసుకో" అంది అమ్మ.

"ప్రభుత్వ రుసుం మీద బేరం ఆడకూడదమ్మా. నేరం."

"మరి లోపల నేర్పేది అదేగా?"

"లోపల నేర్పుతారు. ఇక్కడ ఆడకూడదు. ఇప్పుడు ఆడారు కాబట్టి జరిమానా కట్టాలి."

"ఎంత జరిమానా?"

గుమాస్తా చెప్పాడు. అమ్మ ఆ జరిమానాని సగానికి తెచ్చింది. అది రెండో నేరమని గుమాస్తా ఇంకో జరిమానా వేశాడు. అమ్మ రెండూ కలిపి ఒకటిగా చేయించి, దాంట్లోంచి కొంత తగ్గించింది. ఇలా కాసేపు జరిగాక గుమాస్తా లెక్క మరిచిపోయి, చెమటలు తుడుచుకుంటూ, శిక్షణ రుసుం కూడా అడగకుండా మమ్మల్ని లోపలికి పంపేశాడు.

వేదిక మీద విశ్వపతిగారు ఉన్నారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర సోఫాలో ఆయనొక్కడే కూర్చున్నాడు.

"పౌరులారా, బేరమనునది కేవలము ధరను తగ్గించు ప్రక్రియ కాదు. అది వ్యక్తిత్వ వికాసము. బేరమునకు ఐదు అంగములు. ఒకటి ఆశ్చర్యము. ధర విన్న వెంటనే గుండె మీద చేయి వేసుకొనవలెను. రెండు నిరాకరణము. వస్తువును వేలితో తట్టి పెదవి విరవవలెను. మూడు పోలిక. పక్క దుకాణమున తక్కువకిచ్చుచున్నారని చెప్పవలెను. పక్కన దుకాణము లేకున్నను చెప్పవలెను. నాలుగు దైన్యము. కుటుంబ కష్టములు వివరించవలెను. ఐదవది, సర్వోత్తమమైనది, నిష్క్రమణము. మాట్లాడక లేచి వెళ్ళిపోవలెను. అప్పుడు విక్రేత, దాటిన ఒక్కొక్క కరెంటు స్తంభమునకు కొంత చొప్పున తగ్గించుచు వెనుక నుండి పిలువవలెను. క్రేత తిరిగి చూచిన క్షణమున ఏ ధర ఉన్నదో అదియే న్యాయమైన ధర."

వెనక వరసలో ఎవరో, తిరిగి చూడకపోతేనో అని అడిగారు.

"ఇంతవరకు రెండవ స్తంభము దాటిన మానవుడు లేడు" అన్నారు విశ్వపతిగారు. "మరొక ముఖ్య విషయము. ఖరారైన ధర కన్న ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినను, పుచ్చుకొన్నను ఇద్దరికీ శిక్ష. జాలి బేరమునకు శత్రువు."

ఆయన జీవితంలో ఏదీ స్వయంగా కొనలేదని, అన్నీ వాళ్ళావిడే కొంటుందని గుమాస్తా మాకు తర్వాత చెప్పాడు. అందుకే ఆయనకి పక్షపాతం ఉండదని ఈ ఉద్యోగం ఇచ్చారట.

అభ్యాసానికి కుటుంబ సభ్యుల్ని బయటికి పంపి, అందరినీ ఒక్కొక్కరినే పిలిచారు. నాన్న వంతు వచ్చింది. విశ్వపతిగారు ఒక వంకాయ పైకెత్తి పట్టుకున్నారు.

"కిలో రెండు వందలు. బేరమాడుము."

నాన్న వంకాయ వంక చూశాడు. విశ్వపతిగారి వంక చూశాడు.

"మీకు గిట్టుతుందా అండీ?" అన్నాడు.

కిటికీ బయట నుంచి అమ్మ, "పుచ్చులున్నాయని చెప్పవయ్యా, పుచ్చులున్నాయని" అంది. కుటుంబ సభ్యులు అందించడం నిషిద్ధమని కిటికీ మూసేశారు.

అమ్మ ఆఫీసులోకి వెళ్ళి, బండి నా పేరున రాయండి, నేను ఆడతాను, మీ ఐదూ కాక నాకు ఇంకో పది వచ్చు అంది. నడిపేవారే బేరం ఆడాలని నిబంధన అన్నారు. అమ్మకి నడపడం రాదు. నాన్నకి వచ్చు, మా మావయ్య బండి మీద నేర్చుకున్నాడు. నాన్నని మళ్ళీ మర్నాడు రమ్మన్నారు, ఆ మర్నాడు కూడా రమ్మన్నారు. నాన్న గుండె మీద చేయి వేసుకోమంటే కుడిపక్క వేసుకున్నాడు. పెదవి విరవమంటే నవ్వొచ్చినట్టుంది, తల దించుకున్నాడు. చివరికి నాన్న దరఖాస్తు మీద "సహజ అంగీకార లక్షణము కలవాడు" అని రాసి, ఇలాంటివారికి గృహ బేరం అనే సౌకర్యం ఉందని చెప్పారు. సొంత ఇంట్లో మనిషికి ధైర్యం ఎక్కువ ఉంటుందట. కాబట్టి అధికారి, షోరూము యజమాని, మోటారు సైకిలు అందరూ ఇంటికే వస్తారు.

"ఎప్పుడొస్తారు?" అంది అమ్మ.

"వచ్చే గురువారం మధ్యాహ్నం."

అది శ్రావణమాసం మొదటి గురువారం.

ఆ రోజు మేం తెల్లవారకముందే తోటకి వెళ్ళి కనకాంబరాలు కోసి, ఎండ నడినెత్తికి రాగానే జాజిమొగ్గలు కోయడం మొదలుపెట్టాం. రెండు బుట్టలు నిండాయి. తడిగుడ్డ కప్పి వసారాలో నీడకి పెట్టాం. బేరం గంటలో తేలితే నాన్న కొత్త బండి మీద ఐదింటికి ముందే పైడిరాజు కొట్లో ఉంటాడు. తేలకపోతే ఏమవుతుందో ఎవరం అనుకోలేదు.

మినీ వ్యానులో మోటారు సైకిలు తాళ్ళతో కట్టి తెచ్చారు. ఎర్రది. ఊళ్ళోవాళ్ళు చుట్టూ మూగారు. విశ్వపతిగారు వసారాలో చాప మీద కాదని కుర్చీ వేయించుకున్నారు. ఫణీంద్రగారు చాప మీదే కూర్చున్నాడు. ఆయనకి ఆ నెల ఒక్క బండి కూడా అమ్ముడుపోలేదట. జనం బేరం పరీక్షలకి భయపడి పాత సైకిళ్ళకి రంగులు వేయించుకుంటున్నారు.

విశ్వపతిగారు నన్ను చూపించి, "ఈ అమ్మాయి మాట్లాడదా?" అన్నారు.

"తక్కువండి. తండ్రి పోలిక" అంది అమ్మ.

"అయితే ఈమె మౌన సాక్షి. మీరు మాత్రము నోరు తెరువరాదు." అమ్మ మూతి బిగించి పూలు కట్టడానికి కూర్చుంది. నార పుటుక్కున తెగుతోంది.

"ఆరంభించుడు" అన్నారు విశ్వపతిగారు.

ఫణీంద్రగారు పెంచిన ధర చెప్పాడు. చెబుతున్నప్పుడు నేల చూపులు చూశాడు.

"ఆశ్చర్యము" అన్నారు విశ్వపతిగారు.

"అమ్మో, అంత" అన్నాడు నాన్న, బడిలో పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు.

"పోలిక."

"పక్క కొట్లో తక్కువంట." తర్వాత ఫణీంద్రగారి వైపు తిరిగి మెల్లగా, "నేను వెళ్ళలేదండి" అన్నాడు.

"దైన్యము. మీ కష్టములు వివరింపుడు."

నాన్న చాలాసేపు ఆలోచించాడు. "కష్టాలేం ఉన్నాయండీ? బాగానే ఉన్నాం."

అమ్మ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. విశ్వపతిగారు వేలు చూపించారు. ఫణీంద్రగారు చాప మీద ముందుకి జరిగి, "మోకాలు చెప్పండి గవరయ్యగారూ, సైకిలు తొక్కి తొక్కి మోకాలు నొప్పి అనండి" అని బతిమాలాడు.

"నొప్పి లేదండి."

"అనండి, పోయేదేముంది?"

"లేని నొప్పి ఎందుకండీ ఇంటికి తెచ్చుకోవడం?"

నిబంధన ప్రకారం విక్రేత కూడా దైన్యం ప్రదర్శించాలి. ఫణీంద్రగారు మొదలుపెట్టాడు. మొదట అప్పజెప్పినట్టే చెప్పాడు. షోరూము అద్దె, కుర్రాళ్ళ జీతాలు. కానీ ఆయన కష్టాలు నిజమైనవి కావడం వల్ల చెబుతుంటే గొంతు మారిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళని పండగ ముందు మాన్పించానన్నాడు. వాళ్ళావిడ మాట్లాడటం మానేసిందన్నాడు. బండ్ల మీద దుమ్ము తుడిచీ తుడిచీ వేళ్ళు నల్లబడ్డాయని చూపించాడు. నాన్న ఆ వేళ్ళు చూశాడు.

"అయితే చెప్పినదానికి ఇంకో వెయ్యి వేసుకోండి" అన్నాడు.

విశ్వపతిగారి కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి జారింది.

"క్రేతయే ధరను పెంచినాడు. ఇట్టి సందర్భము నియమావళిలో లేదు. దీనిని ఏమందురు?"

ఆయన ఫోను తీసి పై అధికారికి చేశారు. పై అధికారి ఇంకో పై అధికారిని అడిగి చెబుతానన్నాడు. సిగ్నలు కోసం విశ్వపతిగారు అరుగు ఎక్కి, దిగి, మా గేదె పక్కన నిలబడ్డారు. ఇది ప్రతికూల బేరం కిందికి వస్తుందా, దానం కిందికి వస్తుందా, దానమైతే వేరే శాఖకి పంపాలా అని అవతల చర్చ జరుగుతోంది. దాని మీద రేపు సమావేశం పెడతామన్నారు. కాదు ఇప్పుడే తేల్చండి అని ఈయన, తేల్చే అధికారం మీకే ఉందేమో చూడండి అని వాళ్ళు. మాటలు నాకు పూర్తిగా వినపడలేదు. గడియారంలో మూడు దాటింది.

నేను తడిగుడ్డ ఎత్తి చూశాను. ఒకటి రెండు మొగ్గల కొనలు తెల్లగా విడుతున్నాయి. నాన్న కూడా చూశాడు.

ఆయన లేచాడు. బుట్టలు రెండూ పాత సైకిలు క్యారియరుకి కట్టాడు. తడిగుడ్డ సరిచేశాడు. తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

విశ్వపతిగారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"నిష్క్రమణము" అన్నారు ఫోనులోకి. "అద్భుతమైన నిష్క్రమణము. పెదవి కూడా కదపలేదు."

ఫోను జేబులో పడేసి, "పిలువుము, పిలువుము" అని ఫణీంద్రగారిని రెక్క పట్టుకుని లేపారు. నాన్న అప్పటికే మా ఇంటి ముందు స్తంభం దాటాడు. అందరూ వ్యానెక్కారు. మౌన సాక్షి కూడా ఉండాలని నన్ను మోటారు సైకిలు పక్కన ఎక్కించారు.

ఫణీంద్రగారు వ్యాను పక్క నుంచి తల బయటికి పెట్టి, "గవరయ్యగారూ, తగ్గిస్తానండీ" అని కేక వేశాడు. నాన్న తొక్కుతూనే ఉన్నాడు. ఇంకో స్తంభం దాటింది. విశ్వపతిగారు తగ్గింపు చెప్పారు, ఫణీంద్రగారు దాన్ని కేకేశాడు. ఊరి చివర వాటరు ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ధర, నాన్న మొదటి రోజు సరే అన్నదాని కంటే కిందికి దిగింది.

"దాటి వెళ్ళి ఆపు బాబూ" అన్నాడు ఫణీంద్రగారు డ్రైవరుతో.

"దాటరాదు. క్రేతకు ఎదురుగా పోవుట ఒత్తిడి కిందికి వచ్చును" అన్నారు విశ్వపతిగారు.

మామిడితోట దగ్గర బండి ధర పాడి గేదె ధరకి వచ్చింది. చెరుకు తోటల దగ్గర ఫ్రిజ్ ధరకి వచ్చింది. ఆ రోడ్డు పక్క కొత్తగా స్తంభాలు దగ్గర దగ్గరగా పాతారు, అంతకుముందు ఎవరూ దానికి బాధపడలేదు. ఇటుక బట్టీ దాటేసరికి కుట్టు మిషను. ఫణీంద్రగారి గొంతు బొంగురుపోయింది. "ఒక్కసారి ఇటు చూడండి గవరయ్యగారూ, ఊరికే చూడండి, ఏం మాట్లాడక్కర్లేదు" అన్నాడు. గాలి ఎదురు కొడుతోంది. నాన్నకి వినపడిందో లేదో తెలియదు. వినపడినా, మాట్లాడక లేచి వెళ్ళిపోవాలని శిక్షణలో చెప్పారు కదా, అదొక్కటే ఆయన సరిగ్గా నేర్చుకున్నాడేమో. వెనక వ్యాను తరుముతున్నట్టు ఉండడం వల్ల ఆయన ఎప్పుడూ లేనంత జోరుగా తొక్కాడు.

రైల్వే గేటు వేసి ఉంది. నాన్న సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, తడిగుడ్డ జారిందేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"తిరిగెను" అన్నారు విశ్వపతిగారు, లేచి నిలబడి. వ్యాను పైకప్పు ఆయన తలకి తగిలింది. "బేరము కుదిరినది."

అప్పటికి ఎర్ర మోటారు సైకిలు ధర రెండు టైర్లు, ఒక హారను ధర అంత ఉంది.

"ఏంటండీ, మీరంతా ఇక్కడికొచ్చారు?" అన్నాడు నాన్న. ఎవరైనా చెప్పేలోపే రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. "పూలు విచ్చిపోతాయండి" అని ఆయన మళ్ళీ సైకిలెక్కాడు.

విశ్వపతిగారు వ్యాను బానెట్టు మీద కాగితం పెట్టి, ఆ ధర వారంలోగా కట్టవచ్చని ధ్రువపత్రం రాశారు. విక్రేత సంతకం దగ్గర ఫణీంద్రగారు చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. సంతకం పెట్టకపోతే షోరూము మూయించే అధికారం ఉందని గుర్తు చేశాక పెట్టాడు. తర్వాత గేటు పక్కన రాయి మీద కూర్చున్నాడు. వ్యాను బండిని మా ఇంట్లో దింపడానికి వెనక్కి తిరుగుతుంటే నన్ను పిలిచాడు.

"అమ్మా, మొదటి రోజు నేను ఒక ధర చెప్పాను. మీ నాన్నగారు సరే అన్నారు. ఆయనకి అది గుర్తుంటుందా?"

నేను మౌన సాక్షిని. తల మాత్రం ఊపాను.

నాన్న ఐదింటికి ముందే పైడిరాజు కొట్టు చేరాడట. మొగ్గలు మొగ్గల్లాగే ఉన్నాయట. కానీ రోజూ వెనక వ్యాను తరమదు కదా.

ఆ రాత్రి అమ్మ సంతోషానికి అంతు లేదు. వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చింది. తను ఇన్నేళ్ళుగా ఆడిన బేరాలన్నీ ఒక ఎత్తు, ఈయన నోరు మెదపకుండా ఆడింది ఒక ఎత్తు అంది. వసారాలో మోటారు సైకిలుకి పసుపు, కుంకుమ పెట్టి మూర కనకాంబరాలు చుట్టింది. నాన్న దాని పక్కనుంచి రెండుసార్లు నడిచాడు గానీ చెయ్యి వేయలేదు. అన్నం తింటున్నప్పుడు నేను చెప్పాను.

"షోరూమాయన గేటు దగ్గర రాయి మీద అలాగే కూర్చుండిపోయాడు నాన్నా."

నాన్న చేతిలో ముద్ద ఆగింది. మళ్ళీ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే విశ్వపతిగారు ఫోటోగ్రాఫరుతో వచ్చారు. అద్దం కట్టిన పటం తెచ్చారు. దాని మీద ఆదర్శ బేరగాడు అని బంగారు రంగు అక్షరాలు, కింద నాన్న పేరు. గోడకి మేకు ఆయనే కొట్టించారు.

"మీ విజయ రహస్యమేమి?" అని అడిగారు. నాన్న ఏమీ చెప్పలేదు. "చూచితిరా, ఇప్పటికీ చెప్పడు" అని ఫోటోగ్రాఫరుతో అన్నారు. వచ్చే నెల నుంచి నాన్నే కల్యాణమండపంలో తరగతులు తీసుకోవాలని, ఎర్ర సోఫా ఆయనకిస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

అమ్మ పటానికి దండ కొలుస్తోంది. నాన్న కొంచెంసేపు ఆ పటం చూశాడు. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి గుడ్డసంచీ తీశాడు. అది మొదటి రోజు ఎంత లావుగా ఉందో అంతే లావుగా ఉంది. చంకలో పెట్టుకున్నాడు. బండి తాళం తలుపు పక్క మేకుకే ఉంది. దాని వైపు చూడలేదు. చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా?" అంది అమ్మ.

నాన్న గుమ్మం దిగాడు.

అమ్మకి అర్థమైంది. దండ కింద పడేసి గుమ్మంలోకి వచ్చింది. "ఏవయ్యా, ఎక్కువిస్తే జైలంట. ఆ ఆఫీసరు శిక్షణలో నీ ఎదురుగానే చెప్పాడు. నీకేమైనా మతి పోయిందా?"

నాన్న ఇంటి ముందు స్తంభం దాటాడు.

"పోనీ పావు వంతు ఇచ్చి రా. ఆ షోరూమాయన మొహం చూసి ఇచ్చాననుకో."

ఆయన ఇంకో స్తంభం దాటాడు. నడక పెంచలేదు, తగ్గించలేదు.

"సగం ఇవ్వు, సగం. అంతకంటే ఎవరిస్తారయ్యా ఈ రోజుల్లో?"

రావిపాటివారి ఇంటి ముందు స్తంభం కూడా దాటింది. అమ్మ అరుగు మీదికెక్కింది. మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలిచింది.

"సరేలే, మొత్తం ఇచ్చెయ్యి. బస్సు చార్జీలన్నా ఉంచుకో."

నాన్న వెనక్కి తిరిగి చూడలేదు.